కొత్త బండి, పాత చెయ్యి

మా పాత వ్యాను బండి దగ్గు నాకు బాగా తెలుసు. ఫిల్మ్ నగర్ నుంచి మా ఇంటికి గుట్ట ఎక్కేటప్పుడు రెండో మలుపు దగ్గర గట్టిగా దగ్గేది. తర్వాత సన్నగా ఈల వేసేది. ఆ ఈల వినపడగానే నేను పొయ్యి మీది పప్పు దించి, బగోనెల మూతలకు గుడ్డలు బిగించి కట్టడం మొదలుపెట్టేదాన్ని. అప్పటికి నాకు అక్షరాలు రావు. చదవడం, రాయడం యాభై దాటాక మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. అందుకే ఆ రోజులు నాకు ఎక్కువగా చప్పుళ్లుగానే గుర్తున్నాయి.

సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి జూబిలీహిల్స్ బండల మీద ఇళ్లు కట్టుకుంటున్న కాలం అది. పొద్దున ఒక పక్క బండలు పేల్చేవాళ్లు, ఇంకో పక్క షూటింగు జరిగేది. సీతాఫలం చెట్లు కొట్టేసిన చోటల్లా ఇసుక కుప్పలు, కంకర కుప్పలు. మేం షూటింగులకు మధ్యాహ్నం భోజనాలు వండిపెట్టేవాళ్లం. మా ఇల్లు గుట్ట పైన, పని అంతా గుట్ట కింద. వండడం నేను, మా అత్తమ్మ. బండి నడపడం మా ఆయన. వడ్డనకు నేనూ, మరో మనిషీ బండిలోనే పోయేవాళ్లం.

ఒక వేసవిలో ఆ పాత బండి సగం దారిలో ఆగిపోయింది. కింద షూటింగు జనమంతా ఆకలితో కూర్చున్నారు. మేం అన్నం బగోనె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లేసరికి ప్రొడక్షన్ మేనేజరు గడియారం చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆయనది గోదావరి వైపు. ఎప్పుడూ గొంతు పెంచడు. అదే మాకు ఎక్కువ భయం.

"మీ చేతి వంట బాగుంటుందమ్మా, కాదన్ను. కానీ పప్పు నడిచి రాదు కదా. ఆ డొక్కు బండి మార్చుకోండి. ఇంకోసారి ఇలా అయితే నేను వేరే వాళ్లని చూసుకోవాలి, ఏమనుకోకండి" అన్నాడు.

ఏమనుకోవద్దంటే మరీ ఎక్కువ అనుకుంటాం. ఆ రోజు నుంచి మా ఆయనకు కొత్త బండి మీద మనసు పడింది.

మార్కెట్లోకి అప్పుడే కొత్త మోడల్ ఒకటి దిగింది. కంపెనీ పాతదే, పేరూ పాతదే. మొహం మాత్రం పూర్తిగా మార్చేశారు. లోపల ఇంజనూ, గేర్లూ, అన్నీ కొత్తవే అన్నారు. చూపించడానికి నన్ను తీసుకుపోయాడు. నేను దాని ముందర నిలబడి చూశాను. పాత బండికి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఉండేది. దీనికి ముక్కు లేదు. అద్దం, దాని కింద రేకు, వెనకనే సీట్లు.

"ఏందే, గట్ల నిలవడ్డవ్? ఎక్కి కూసో" అన్నాడు మా ఆయన.

"దీని ముక్కు ఏడ పోయింది?"

"కోసేసిన్రు. గిప్పుడు గిదే ఫ్యాషన్."

ఎక్కి కూర్చున్నాను. మోకాళ్లు అద్దానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఎదురుగా ఏది వచ్చినా ముందుగా తగిలేది నా మోకాళ్లకే. ముక్కు ఉన్న బండిలో మనకంటే ముందు ఇంజను ఉంటుంది. దెబ్బ దానికి తగిలాకే మన దాకా వస్తుంది. ఆ మాట చెప్పబోయాను. మా ఆయన స్టీరింగు మీద చెయ్యి వేసి పెండ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు. నోరు మూసుకున్నాను.

కానీ ఇంటికొచ్చాక ఊరుకోలేదు. ఉస్తాదును అడగందే కొనొద్దని పట్టుబట్టాను. ఉస్తాద్ అంటే ఎర్రగడ్డలో మా పాత బండిని ఇన్నేళ్లూ బతికించిన మెకానిక్కు. ఇద్దరం కలిసి ఆయన షెడ్డుకు పోయాం. చేతులకు అంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.

"బండి నేను నడిపి చూసిన భాయ్. మస్తుగుంది. బ్రేకు అయితే మక్కన్ లెక్క. కాలు మోపితే చాలు, నిలవడ్తది. గని ఫస్ట్ లాట్ గదా. దాని రోగాలు ఇంకా ఎవనికి తెల్వయి. గేరు డబ్బా ఎన్ని దినాలు ఆగుతదో తెల్వది. సామాను యాడ దొరుకుతదో తెల్వది. పాత మోడల్‌కు ఏ గల్లీల పోయినా సామాను దొరుకుతది. ఒక సాల్ ఆగు. ముందుగాల పైసలున్నోళ్లు కొని ఆగం గానియ్యి. అటెన్క నువ్వు కొను."

"సాల్ దాక మేనేజరు ఆగడు ఉస్తాద్" అన్నాడు మా ఆయన.

"మరి నీ కిస్మత్" అన్నాడు ఉస్తాద్. నా వైపు తిరిగి, "కొత్త మోడల్ అంటే కొత్త కోడలు చెల్లె. ఏడాది దాక గుణం బయట పడది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. తిరిగొస్తుంటే వెంగళరావు నగర్ మలుపు దగ్గర అదే కొత్త మోడల్ బండి ఒకటి రోడ్డు పక్కన ఆగి ఉంది. చక్రాల కింద రాళ్లు పెట్టారు. వెనకాల వచ్చేవాళ్లకు తెలియడానికి వేపకొమ్మ విరిచి గుచ్చారు. డ్రైవరు కిందకు దూరాడు, కాళ్లు మాత్రమే బయటకు కనిపిస్తున్నాయి. బండి మీద పసుపు, కుంకుమ బొట్లు ఇంకా ఆరనట్టే ఉన్నాయి.

"సూసినవా?" అన్నాను.

"టైరు పంచరైనట్టుంది" అన్నాడు అటు చూడకుండానే.

టైర్లు నాలుగూ నిండుగానే ఉన్నాయి. నేను చూశాను. ఆయన చూడదల్చుకోలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉస్తాద్ చెప్పిన కోడలి మాట మా అత్తమ్మకు చెప్పాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఏడాదిల తెలుస్తదన్నడా? నాకింకా తెల్వలే" అంది నన్ను చూసి. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే బండి కొనడం ఖాయమైపోయింది. ఇంట్లో ఎవరూ వద్దని గట్టిగా అనలేదు. నేను అన్నది భయమని తేలిపోయింది. ఆడమనిషి భయాన్ని ఎవరూ 'వద్దు' కింద లెక్కపెట్టరు.

బండి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. గుమ్మడికాయ కొట్టాం. నేను దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానంటే, దీనికి ఏ రోగముంటే ఆ రోగం గుట్ట మీద కాకుండా సమతలం మీద బయటపడేలా చూడు స్వామీ అని.

ఆ తర్వాత నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. కారణం, అది దగ్గదు. ఈల వెయ్యదు. నేను వంటింట్లో ఉండి చెవి రోడ్డు మీద పెట్టినా అది వస్తున్నట్టు తెలిసేది కాదు. ఆయన పొద్దున బియ్యం తేవడానికి పోతే, వచ్చేదాకా నేను గడపలోకి, వాకిట్లోకి తిరుగుతూనే ఉండేదాన్ని. ఒక్క నిమిషం పొయ్యి దగ్గరికి పోయి తలెత్తి చూస్తే బండి వచ్చి వాకిట్లో నిలబడి ఉండేది. పాత బండి రోగాలన్నీ మాకు తెలుసు. ఎక్కడ మొరాయిస్తుందో, ఎన్ని నీళ్లు తాగుతుందో, ఏ గేరు బతిమాలితే పడుతుందో తెలుసు. కొత్తదానికి ఏ చప్పుడు మంచిదో, ఏ చప్పుడు చెడ్డదో తెలియదు. అందులో కూర్చుంటే టిక్కుమన్నా, కిర్రుమన్నా నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయేది.

"గేరు డబ్బా నుంచి ఏదో చప్పుడొస్తుంది" అనేదాన్ని.

"నీ గాజులే అవి" అనేవాడు.

మొదట్లో ఆయన దాన్ని పూలబుట్టలా నడిపాడు. గుట్ట దిగేటప్పుడు చిన్న గేరులో మెల్లగా, ఇంజను చప్పుడు ఆనందంగా వింటూ దిగేవాడు. పాత బండితో అలా కాదు. ఎర్రగడ్డ వైపు డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే ఆయనకూ ఉండేది. దిగుడు రాగానే గేరు తీసేసి, ఇంజను బంద్ చేసి, బండిని వదిలేసేవాడు. వాళ్లు దాన్ని న్యూటల్ కొట్టడం అనేవాళ్లు. చుక్క డీజిలు ఖర్చు కాదు. గుట్ట మీద నుంచి ఫిల్మ్ నగర్ దాకా గాలికి పోయినట్టు దిగిపోయేవాళ్లం. "ఈ గుట్ట మనకు పుణ్యానికి డీజిల్ పోస్తది" అనేవాడు మా ఆయన. పాత బండి బ్రేకు మొండిది. ఇంజను నడుస్తున్నా, ఆగినా ఒకేలా తొక్కాలి. బలమంతా ఆయన కాలిదే.

కొత్త బండి మురిపెం కొన్ని నెలలకు తీరింది. నా భయం కూడా కొంచెం పలచబడింది. అది ఎక్కడా ఆగలేదు. గేరు డబ్బా బాగానే ఉంది. మేనేజరు ఒకసారి, "చూశారా, నేను చెప్పలేదూ" అన్నాడు. అప్పుడప్పుడు కునుకు కూడా తీసేదాన్ని.

ఆ రోజు కింద ఒక బంగళాలో షూటింగు. ముందు నేను, ఒళ్లో ఆవకాయ జాడీ. వెనక అన్నం, పప్పు, సాంబారు బగోనెలు, వాటి మధ్య వడ్డన మనిషి. దిగుడు మొదలవగానే మా ఆయన ఏదో చెప్తూనే గేరు తీసి తాళంచెవి వెనక్కి తిప్పాడు. పాత బండిలో ఇంజను ఆపడానికి పిడి లాగాలి. దీనికి తాళంచెవి తిప్పితే చాలు. ఇంజను ఆగింది. గాలి చప్పుడు మాత్రమే మిగిలింది. నేనేమీ అనుకోలేదు. పాత రోజుల్లో ఎప్పుడూ అలాగే దిగేవాళ్లం కదా.

మొదటి మలుపులో బ్రేకు తొక్కాడు. పడింది. రెండో మలుపులో తొక్కాడు. ఆయన నడుము సీటు మీద నుంచి లేవడం చూశాను. మూడోసారి తొక్కితే కాలు కిందికి పోలేదు. ఆయన మొహం చూశాను. నేను ఆ మొహం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది?" అన్నాను.

"రాయి లెక్కయింది" అన్నాడు. గొంతు ఆయనది కాదు.

అంత బరువున్న బండి చప్పుడు లేకుండా పోవడం ఎంత భయమో చెప్పడం నాకు ఇప్పుడూ చేతకాదు. వేగం పెరుగుతోంది, చప్పుడు పెరగడం లేదు. వెనక బగోనెలు ఒకదాన్నొకటి రాసుకుంటున్న కీచు మాత్రమే వినపడుతోంది. ఆయన చేతి బ్రేకు లాగాడు. కాలిన వాసన వచ్చింది, బండి కొంచెం తగ్గింది కానీ ఆగలేదు.

మలుపు తిరిగాక కింద రోడ్డు తిన్నగా కనిపించింది. దాని చివర బంగళా గేటు. గేటు ముందు చెట్టు నీడలో షూటింగు జనం పళ్లాలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. పోలీసు వేషాల వాళ్లు, పల్లెటూరి ఆడవాళ్ల వేషాల వాళ్లు. మా బండిని చూసి అన్నం వచ్చిందని వాళ్లు నీడలోంచి రోడ్డు మీదికి వచ్చారు. ఒకామె మాకు చెయ్యి ఊపింది.

మా ఆయన హారన్ నొక్కాడు. మోగలేదు. ఇంజను బంద్ చేసినప్పుడు హారన్ కూడా బందవుతుందని అప్పటిదాకా మాకు తెలియదు. మళ్లీ మళ్లీ నొక్కాడు. తాళంచెవి తిప్పి ఇంజను మళ్లీ స్టార్టు చెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. నేను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి పొండి, పొండి అని ఊపాను. వాళ్లు నేను పలకరిస్తున్నాననుకున్నారు. ఆ చెయ్యి ఊపిన ఆమె మళ్లీ ఊపింది.

అప్పుడు ఆయన స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. కట్టుబడిలో ఉన్న ఒక ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. నా మోకాళ్ల ముందు అద్దమంతా ఇసుకైంది. బండి కుప్పలోకి ఎక్కి, ఒక పక్కకు ఒరిగి, నిలబడింది.

ఆవకాయ జాడీ నా ఒళ్లోనే ఉంది. పగలలేదు. నేను దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే తర్వాత ఎవరో వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. వెనకాల వడ్డన మనిషి అన్నం బగోనెను కావిలించుకుని కూర్చుంది, మోచెయ్యి కొంచెం కాలింది. సాంబారంతా పోయింది. మా ఆయన కిందికి దిగి ఇసుక మీద కూర్చున్నాడు. బ్రేకు తొక్కిన కాలు దానంతటదే వణుకుతోంది. రెండు చేతులతో అదిమి పట్టుకున్నా ఆగలేదు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మాకు నీళ్లు తాగించాడు. తర్వాత వెనక బగోనెల వైపు తొంగి చూసి, "సాంబారేదమ్మా?" అన్నాడు.

"ఇసుక తాగింది సార్" అన్నాను.

అన్నం, పప్పు, ఆవకాయ వడ్డించాం. వడ్డిస్తుంటే ఆ చెయ్యి ఊపిన ఆమె పళ్లెం ముందుకు పెట్టి, "మీ బండి భలే చప్పుడు లేకుండా వచ్చిందండీ" అంది. నేను ఆమె పళ్లెంలో పప్పు రెండు గరిటెలు ఎక్కువ వేశాను. ఆమె ఎందుకో తెలియక నన్ను చూసింది.

సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. అందరూ కలిసి బండిని ఇసుకలోంచి లాగారు. ఆయన ఎక్కి, స్టార్టు చేసి, రోడ్డు మీద అటూ ఇటూ తిప్పి వచ్చాడు. మా ముందుకొచ్చి కాలు మోపాడు. బండి అక్కడే ఆగిపోయింది.

"బ్రేకు బరాబరుంది భాయ్. మరి ఏమైంది?" అన్నాడు.

మా ఆయన తల వంచుకుని చొక్కాకు అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"దిగేటప్పుడు ఇంజన్ చాలు ఉండెనా, బంద్ ఉండెనా?"

"బంద్" అన్నాను నేను.

ఉస్తాద్ నుదురు కొట్టుకున్నాడు. "దీని బ్రేకుకు బలం ఇంజన్ నుంచి వస్తది. మక్కన్ లెక్క ఉన్నది అన్న గదా, గది ఇంజన్ ఇచ్చిన బలమే. ఇంజన్ పండుకున్నంక ఒకటి రెండు సార్లు తొక్కితే అయిపోతది. అటెన్క రాయే."

"గిది ముందుగాల్నే చెప్తే ఏం బోయె?" అన్నాడు మా ఆయన.

"గుట్ట మీద ఇంజన్ బంద్ చేస్తవని నాకేం తెలుసు భాయ్. పాత బండి కాబట్టి నీ పాత ఆటలన్నీ ఓర్చుకున్నది."

మేం భయపడ్డవన్నీ వేరు. గేరు డబ్బా, సామాను, కోసేసిన ముక్కు. ఆ బండిలో అందరూ మెచ్చుకున్న ఒకే ఒక్కదాని గురించి మాత్రం ఎవరం భయపడలేదు.

మా ఆయన రెండు రోజులు బండి తాళంచెవి ముట్టుకోలేదు. వంట జరిగింది, అన్నం కిరాయి ఆటోలో పంపాం. మూడో రోజు అత్తమ్మ ముందు కూర్చుని, "అమ్మేద్దాం. పాత మోడలే ఏదన్న సెకండ్‌హ్యాండుల చూద్దాం. గీ బండి మంచిది గాదు" అన్నాడు. బండి కొనమన్న మేనేజరు కూడా అదే మాట అన్నాడట.

మొదట నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ బండి వాకిట్లోంచి పోతే చాలనుకున్నాను. కానీ రాత్రంతా ఆలోచిస్తే ఇంకో భయం పట్టుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ అన్ని బండ్లూ ఇలాంటివే వస్తాయి. ఈయన ఎన్నాళ్లని పాత బండ్లు వెతుక్కుంటాడు? ఎప్పుడో ఒకరోజు ఇంకెవరి బండో నడుపుతాడు, దిగుడు వస్తుంది, చెయ్యి తిరుగుతుంది. ఆ రోజు ఇసుక కుప్ప ఉండదు.

"బండిని ఏమనకు. నీ చెయ్యిని అను" అన్నాను పొద్దున.

"అంటే? నేను కావాలని జేసిన్నా?"

"కావాలని జేస్తే మానిపించొచ్చు. గది కావాలని జేసింది గాదు, గందుకే భయమైతుంది."

ఆయనకు కోపం వచ్చింది. తర్వాత కోపం తగ్గింది. ఇంకెప్పుడూ ఇంజను బంద్ చెయ్యనని అత్తమ్మ మీద ఒట్టు పెట్టబోయాడు. ఆమె తల పక్కకు తీసుకుని, "నా మీదెందుకురా, నేను ఎన్నడు బండెక్కని దాన్ని. నీ మీదనే పెట్టుకో" అంది.

బండి ఉండిపోయింది. గుట్ట దిగుడు దాకా ఆయన బాగానే నడిపేవాడు. దిగుడు దగ్గర చిన్న గేరు వేసి, పెదవులు బిగించి దిగేవాడు. నేను జాడీ పట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని. అలా కొంతకాలం గడిచింది. ఒకరోజు ఆయన మా అమ్మాయి బడి సంగతి ఏదో చెప్తున్నాడు. ఆమె ఆ రోజు పద్యం ఎలా అప్పజెప్పిందో చేసి చూపిస్తూ నవ్వుతున్నాడు. దిగుడు వచ్చింది. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, మాట పద్యం మీద ఉంది. చెయ్యి మాత్రం తాళంచెవి మీదికి పోతోంది.

"చెయ్యి" అన్నాను.

ఆగిపోయాడు. తన చేతిని వేరే ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. ఆయన మొహంలో ఆ ఇసుక కుప్ప రోజు మొహమే వచ్చింది. నేను జాడీ కాళ్ల మధ్య పెట్టుకుని, వంగి, తాళంచెవి మీద నా అరచెయ్యి పెట్టాను. కింద రోడ్డు దాకా తియ్యలేదు.

మర్నాడూ అలాగే పెట్టాను. ఆ తర్వాత అదే అలవాటైంది. నా భుజం ఆయన భుజానికి ఒరిగేది, నడుము నొప్పి పుట్టేది. వెనక నుంచి వడ్డన మనిషి, "పెండ్లయి ఇన్నేండ్లయినా చెయ్యి ఇడువవేందక్కా" అని నవ్వేది. గేటు దగ్గర జనం కూడా చూసి నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. ఆయనకు సిగ్గుగా ఉండేది, కానీ తియ్యమని ఒక్కసారి కూడా అనలేదు. అప్పుడప్పుడు, మాటల్లో పడి ఉన్నప్పుడు, ఆయన వేళ్లు వచ్చి నా చేతికి తగిలేవి. తగిలి వెనక్కి పోయేవి.

ఆ బండి మాకు చాలా ఏళ్లు పనిచేసింది. మంచి బండి, ఆ మాట ఒప్పుకోవాలి. ఉస్తాద్ భయపడిన గేరు డబ్బా ఎప్పుడూ చెడలేదు. కానీ ఆ గుట్ట మీద నేను ఒక్కరోజు కూడా భయపడకుండా దిగలేదు. జ్వరం వచ్చినప్పుడు మా అత్తమ్మ, "పండుకోరాదే, ఒక్కదినం నువ్వు లేకుంటే అన్నం అరగదా వాళ్లకు?" అనేది. దుప్పటి కప్పుకునే వెళ్లి బండెక్కేదాన్ని. నేను లేని రోజు ఆ చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు.